వాడకం తెలియలేదు

దర్జీ పెద్దాయన ఆ పెట్టె పట్టుకుని రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు లాగానే దాన్ని ఉతికిన గుడ్డలో మూట కట్టి తెచ్చాడు. కౌంటరు మీద పెట్టి, ముడి విప్పి, గుడ్డను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాక గానీ మాట్లాడలేదు.

"మళ్లీ నేనేనమ్మా," అన్నాడు.

"చూస్తాను పెద్దాయనా, కూర్చోండి," అంది వాపసక్క.

ఆ షోరూంలో ఆమెకూ ఒక పేరుండేది. అమ్మిన సరుకు తిరిగొచ్చే కౌంటరులో రెండేళ్లుగా కూర్చోవడంతో మేనేజరు మొదలు వాచ్‌మన్ దాకా అందరూ వాపసక్క అనే పిలుస్తున్నారు. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లోంచి సినిమాలూ సీరియళ్లూ తెచ్చి చూపించే పరికరాలు అక్కడ మూడు రకాలు అమ్ముతారు. కంపెనీలు పెట్టిన పేర్లు పలకడానికి నోరు తిరగక సిబ్బంది వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. టీవీ వెనక దూర్చేది, వేలెడంత ఉండేది పుల్ల. అరచేతిలో ఇమిడేది నల్ల డబ్బా. సబ్బుబిళ్ల లాంటిది తెల్ల డబ్బా. ఎదురు గోడకి బోర్డు ఉంది. దాని మీద ఏ వారం ఏవి ఎన్ని అమ్ముడయ్యాయో రాస్తారు. ఈ వారం పుల్ల నలభై, నల్ల డబ్బా తొమ్మిది, తెల్ల డబ్బా ఒకటి. గత వారమూ ఇంచుమించు అంతే.

ఆమె పెట్టె తెరిచి రిమోట్ బ్యాటరీలు చూసింది. పుల్ల కొసను మెత్తటి గుడ్డతో తుడిచి, తన వెనకున్న చిన్న టీవీకి గుచ్చింది. సూదితో వెనకున్న బొక్కలో నొక్కి పట్టుకుని అందులో ఉన్నదంతా చెరిపేసింది. ఏ భాష అని తెర అడిగింది, ఆమె నొక్కింది. వైఫై ఏదని అడిగింది, నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా కొట్టింది. చిన్న గంట మోగి తెర నిండా సినిమా బొమ్మలు పరుచుకున్నాయి. అంతా కలిపి నిమిషమైనా పట్టలేదు.

"ఇక్కడ పనిచేస్తుందమ్మా," అన్నాడు పెద్దాయన తెర వంక చూస్తూ. "ఇక్కడ ఎప్పుడూ పనిచేస్తుంది. మా ఇంటికొచ్చేసరికి అలుగుతుంది."

వాపసక్క ముద్ర తీసి రిజిస్టర్లో ఆయన వరసలోనూ, ఆయనకిచ్చే కాగితం మీదా వేసింది. 'లోపం లేదు. వాడకం తెలియలేదు.' ముద్ర చెక్క పిడి ఆమె బొటనవేలు పడేచోట నున్నగా అరిగిపోయింది. మూడోసారి అదే ముద్ర పడితే ఆ సరుకు ఇక మార్చరు, తిరిగి తీసుకోరు. ఆ మాట ఆమే చెప్పాలి. చెప్పింది.

పెద్దాయన వాదించలేదు. జేబులోంచి గుడ్డ తీసి కౌంటరు మీద పరిచాడు, పెట్టెను మధ్యలో పెట్టి మళ్లీ మూట కట్టాడు. "మా ఆవిడ చెప్తూనే ఉంది, వయసయ్యాక ఇవన్నీ మనకెందుకని," అంటూ వెళ్లిపోయాడు. ఆయన అరిచి గోల చేసినా బాగుండేదని ఆమెకనిపించింది.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించాడు. ఆయన మోచేతులు ఆనించాడంటే ఏదో మింగుడుపడని మాట ఉందన్నమాటే.

"అక్కా, శనివారం హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తోంది. ఈ కౌంటరు ఎత్తేస్తున్నారు. ఇక్కడ ఒక ఇనప పెట్టె పెడతారు. తిరిగివ్వాల్సినవాళ్లు అందులో పడేసి పోతారు. నిన్ను ఊరి చివర గోడౌన్‌కి వేస్తున్నారు."

"ఎందుకని సార్?"

"నీ రిజిస్టరే చెప్పింది. రెండేళ్లలో నాలుగువందల ఇరవైఆరు పుల్లలు తిరిగొస్తే, నాలుగువందల పన్నెండింటికి లోపం లేదని నువ్వే ముద్ర వేశావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాడలేక తెచ్చి పడేసేవాళ్లే అందరూ. లోపమే లేనప్పుడు లోపం చూడ్డానికి ఒక మనిషెందుకని పైవాళ్లు అడుగుతున్నారు. నన్నేం చెప్పమంటావు?"

ఆయన మోచేతులు తీసుకుని వెళ్లిపోయాడు. గోడౌన్‌కి రెండు బస్సులు మారాలి. అక్కడ ఏదీ విప్పి చూసే పని ఉండదు, మూసిన పెట్టెల మీద టేపు అంటించడమే. వాపసక్కకి ముందు కోపం వచ్చింది. భయం ఆ తర్వాత వచ్చింది. తన ముద్రే తన సీటు లాగేసిందన్న మాట మాత్రం ఎంతకీ జీర్ణం కాలేదు.

ఆ సాయంత్రం జనం పలచబడ్డాక ఆమె రిజిస్టర్ ముందేసుకుని ఒక్కో రకం ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టింది. అమ్మిన పుల్లల్లో పదిట్లో ఒకటి వెనక్కొచ్చింది. నల్ల డబ్బాలు ముప్పైకి ఒకటి. తెల్ల డబ్బాలు రెండేళ్లలో నూరు దాకా అమ్మితే తిరిగొచ్చింది ఒక్కటి, అదీ రిమోట్‌ను కుక్క నమిలేస్తే.

పుల్లలు అందరికంటే ఎక్కువ అమ్మే కుర్రాణ్ణి ఛాంపియన్ అంటారు. గోడ మీది టీవీలు ఆపుకుంటూ వస్తున్నవాణ్ణి పిలిచి ఆ సంగతి చూపించింది.

"తెల్ల డబ్బా అమ్ముడుపోతేగా అక్కా తిరిగి రావడానికి," అన్నాడు వాడు. "పెళ్లే కానివాడికి విడాకులెలా అవుతాయి? అయినా దాని ముచ్చట ఈ నెలతో సరి. తయారుచేసేవాళ్లే ఆపేస్తున్నారట."

"నూటికి ఒకటి తమ్ముడూ. పుల్ల నూటికి పది."

"జనం పుల్లే అడుగుతారు. చవక, చిన్నది, ప్రకటనల్లో కనిపిస్తుంది. వాడకం రానివాళ్లుంటే మనమేం చేస్తాం?"

వాపసక్క రిజిస్టర్ తన వైపు తిప్పుకుంది. వాడన్న చివరిమాట తన ముద్ర మీద ఉన్నదే. రేపు తన సెలవు. రిజిస్టర్లో పెద్దాయన ఇంటి అడ్రసు చూసి చీటీ మీద రాసుకుంది. షోరూంలో ప్రదర్శనకి పెట్టిన నల్ల డబ్బా, తెల్ల డబ్బా బయటికి తీసుకెళ్లడానికి చీటీ రాసి ఛాంపియన్‌ చేత సంతకం పెట్టించింది.

"షికారుకు తీసుకెళ్తున్నావా అక్కా?" అన్నాడు వాడు సంతకం గిలుకుతూ.

"ఇవెప్పుడూ గడప దాటలేదుగా," అంది.

*

పెద్దాయన ఇల్లు ఒక పొడుగాటి గది. ముందు సగంలో మిషను, ఇస్త్రీ బల్ల, గోడకి తగిలించిన సగం కుట్టిన కోట్లు. వెనక సగంలో మంచం, టీవీ. ఆయన భార్య కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. వాపసక్కను చూసి ఆవిడ సూది ఆపలేదు గానీ, కుర్చీని కాలితో ఇటు జరిపింది.

"ఇంటికొచ్చి మరీ ముద్ర వేస్తారా?" అంది ఆవిడ.

"లేదండీ, ఒకసారి నేనే పెట్టి చూపిద్దామని వచ్చాను. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని అని ఆమె నిజంగానే నమ్మింది. పుల్ల గుచ్చింది. భాష నొక్కింది. వైఫై నొక్కింది. పాస్‌వర్డ్ అడిగితే, అలవాటు కొద్దీ వేలు అంకెల వరస మీదికి పోయింది.

"అది కాదమ్మా, ఇది," అన్నాడు పెద్దాయన. వైఫై పెట్టె అడుగున అంటించిన కాగితంలో ఉన్నదాన్ని ఆయన సుద్దముక్కతో పెద్దగా కనపడేలా నల్లగుడ్డ మీద రాసి పెట్టుకున్నాడు. మొత్తం పదహారు. ఇంగ్లిషు చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, మధ్యలో అంకెలు, రెండు గుర్తులు.

ఆమె కొట్టడం మొదలుపెట్టింది. రిమోట్ బాణం గుర్తుతో ఒక్కో అక్షరం దగ్గరికీ నడవాలి. చిన్న అక్షరాలు ఒక పేజీలో, పెద్దవి ఇంకో పేజీలో. పెద్ద అక్షరం ఒకటి కొట్టగానే అది దానంతటదే చిన్న అక్షరాల పేజీకి వచ్చేస్తుంది, మళ్లీ వెళ్లాలి. గుర్తులు మూడో పేజీలో. కొట్టినవన్నీ చుక్కలుగా కనిపిస్తాయి, ఎక్కడిదాకా వచ్చామో చుక్కలు లెక్కపెట్టుకోవాలి. పదకొండో అక్షరం దగ్గర తెర ఒక్కసారి నల్లబడి, ఏ భాష అని అడిగింది.

ఏదో తప్పు నొక్కాననుకుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి పదమూడు దాకా వెళ్లింది. ఏ భాష అని అడిగింది.

పెద్దాయన మర్యాదగా పక్కకి చూస్తున్నాడు. "నేనెప్పుడూ ఏడు దాటలేదమ్మా," అన్నాడు. "నువ్వు నయం."

మూడోసారి ఆమె గోడ గడియారం చూస్తూ కొట్టింది. సరిగ్గా తొంభై సెకన్లకు తెర నల్లబడింది. నాలుగోసారీ అంతే, తొంభై. పాస్‌వర్డ్ తొంభై సెకన్లలో పూర్తికాకపోతే అది మొదటికి వచ్చేస్తుంది. పెట్టె మీద గానీ, పుస్తకంలో గానీ, తెర మీద గానీ ఆ ముక్క ఎక్కడా లేదు.

షోరూంలో పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది. అన్నీ ఒకే వరసలో, పక్కపక్కన. పది సెకన్లు చాలు. ఆ పాస్‌వర్డ్ పెట్టింది ఎవరో కాదు, తనే. కౌంటరులో చేరిన వారానికి, లైను తొందరగా కదలాలని పెట్టింది. అప్పుడు మేనేజరు తెలివైన పనేనని మెచ్చుకున్నాడు కూడా. రెండేళ్లుగా తిరిగొచ్చిన ప్రతి పుల్లనూ దానితోనే పరీక్షించింది. ప్రతిసారీ పనిచేసింది. ప్రతిసారీ ముద్ర వేసింది.

ఆమెకి చెవులు వేడెక్కాయి. పుల్లను టీవీలోంచి పీకి పక్కన పెట్టింది.

తర్వాత నల్ల డబ్బా పెట్టింది. అదీ తొందరపెట్టేదే గానీ నాలుగు నిమిషాలు ఆగింది. ఆఖరున తెల్ల డబ్బా తగిలించి, రిమోట్ పెద్దాయన చేతికిచ్చింది.

"నేనా?"

"మీరే. తొందరేం లేదు."

ఆయన కళ్లజోడు సర్దుకుని, బట్ట మీద గీత గీసే మనిషి శ్రద్ధతో ఒక్కో అక్షరం దగ్గరికీ నడిచాడు. మధ్యలో ఒకాయన ప్యాంటు పొడవు తగ్గించమని వస్తే లేచి కొలత తీసుకుని వచ్చాడు. తెల్ల డబ్బా ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది. ఎనిమిది నిమిషాలకి గంట మోగి బొమ్మలు వచ్చాయి. కిటికీ దగ్గర ఆవిడ సూది ఆగింది.

"అయితే నా తప్పు కాదన్నమాట," అన్నాడు పెద్దాయన.

"కాదు."

"మరి ముద్ర మూడుసార్లు వేశావు కదమ్మా."

ఆయన నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకోవాలని అడిగాడు. వాపసక్క నల్ల డబ్బాను సంచిలో సర్దుకుంది. తెల్ల డబ్బాను శనివారం దాకా అక్కడే ఉంచి, బయటికొచ్చేసింది.

*

శుక్రవారం ఉదయమే మేనేజరుకి అంతా చెప్పింది. ఆయన విన్నాడు. విన్నాక తన గది తలుపు వేశాడు.

"సరే అక్కా, నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. మరి ఆ నాలుగువందల పన్నెండు ముద్రలు ఎవరు వేసినట్టు? నేనా?"

"నేనే సార్."

"అదీ. ఇప్పుడు నోరు మూసుకుంటే గోడౌన్. నోరు తెరిస్తే గోడౌన్ కూడా ఉండదు. నీ మంచికే చెప్తున్నా. ఈ షాపుకి అన్నం పెడుతున్నది ఆ పుల్ల. నలభై పోతుంటే నాలుగు తిరిగొచ్చాయని ఎవడూ ఏడవడు."

ఆ రోజంతా ఆమె ఒక్క ముద్ర కూడా వేయలేదు. తిరిగొచ్చిన ఐదు పుల్లల్ని పక్కన పెట్టింది. వాటిని తెచ్చినవాళ్లను మాత్రం ఒకే ప్రశ్న అడిగింది, ఎక్కడ ఆగిపోయిందని. "మళ్లీ మళ్లీ భాష అడుగుతోందండీ," అన్నారు నలుగురు. ఐదో మనిషి, "మా ఆయనకి తెలియకుండా తెచ్చాను, విసిరి కొడతానంటున్నాడు," అంది.

ఇంటికెళ్లాక భర్తకి చెప్పింది. అతను ఇళ్లకి రంగులు వేస్తాడు. గోళ్ల మధ్య రంగు పోగొట్టుకోవడానికి కిరోసిన్ గుడ్డతో కుస్తీ పడుతూ విన్నాడు.

"గుమ్మడికాయల దొంగెవరంటే నువ్వే పోయి భుజాలు తడుముకుంటానంటావ్," అన్నాడు.

"తడుముకోవడం ఏంటి, కాయ నా భుజం మీదే ఉంటే."

"మిషన్‌లో లోపముంది అని చెప్పు. పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు, ముద్ర ఎవరు వేశారు, అదంతా నీకెందుకు? గోడకి చెమ్మ కనపడితే నేనైతే ఇంకో కోటు వేసి నా దారిన నేను పోతా."

"గోడకి పరువు లేదు. ముద్ర పడినవాళ్లకుంది."

అతను గుడ్డ పక్కన పడేసి ఆమె వంక చూశాడు. "గోడౌన్‌కి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో, లేకపోతే అదీ అక్కర్లేదేమో," అన్నాడు. అలా అంటూనే ఆమెకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

*

శనివారం షోరూం తెరవకముందే వాపసక్క లోపలికొచ్చి షోరూం వైఫై పాస్‌వర్డ్ మార్చింది. పదహారు అక్షరాలు పెట్టింది. చిన్నవి, పెద్దవి, అంకెలు, రెండు గుర్తులు. చాలా ఇళ్లల్లో వైఫై పెట్టె అడుగున ఉండే లాంటిదే. దాన్ని అట్టముక్క మీద రాసి టీవీల గోడ దగ్గర నిలబెట్టింది.

పెద్ద మేడమ్ పదింటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఆవిడ వచ్చేసరికి టీవీల గోడ మీద పరికరాలన్నీ పాస్‌వర్డ్ కోసం ఆగి ఉన్నాయి. మేనేజరు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"చిటికెలో పెట్టేస్తా మేడమ్," అంటూ ఛాంపియన్ పుల్ల రిమోట్ అందుకున్నాడు. పదమూడో అక్షరం దగ్గర తెర నల్లబడింది. నవ్వి మళ్లీ మొదలెట్టాడు. ఈసారి పదిహేను. మూడోసారి పళ్లు బిగించి, బొటనవేలు కనపడనంత వేగంగా కొడితే గంట మోగింది. నుదురు తుడుచుకున్నాడు.

"పనిచేస్తోంది మేడమ్," అన్నాడు మేనేజరు. "వాడకం తెలిసినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు."

"పక్కదాంట్లో మీరు పెట్టి చూడండి మేడమ్," అంది వాపసక్క.

మేనేజరు ఆమె వంక చూసిన చూపుకి ఇంకొకరైతే వెనక్కి తగ్గేవాళ్లు. పెద్ద మేడమ్ కళ్లజోడు పెట్టుకుని పక్క టీవీ పుల్ల రిమోట్ తీసుకుంది. తొమ్మిదో అక్షరం దగ్గర భాష అడిగింది. ఆవిడ స్టూలు తెప్పించుకుని కూర్చుంది. పది. మళ్లీ తొమ్మిది. ఆవిడ మెడ ఎర్రబడింది. నాకిది రాదేమిటి అనుకునే మనిషి మొహం ఎలా ఉంటుందో వాపసక్కకి బాగా తెలుసు. రెండేళ్లుగా రోజూ కౌంటరు అవతల చూస్తున్న మొహమే అది.

"తప్పు మీది కాదండీ," అంది వాపసక్క. "తొంభై సెకన్లు దాటితే అది మొదటికొస్తుంది. ఎవరికీ చెప్పదు."

ఆపైన అంతా చెప్పింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా పాస్‌వర్డ్ పెట్టింది తనేనని, దానితోనే పరీక్షించానని, నాలుగువందల పన్నెండు ముద్రలూ తప్పని, వాటిల్లో ఒక్కటీ ఇంకొకరు వేయలేదని. మేనేజరు తేలుకుట్టిన దొంగలా గోడ మీది బోర్డు చూస్తూ నిలబడ్డాడు.

పెద్ద మేడమ్ రిమోట్ పక్కన పెట్టింది. "ఇదంతా చెప్తే ఉద్యోగం పోతుందని తెలియదా మీకు?"

"తెలుసు."

"పుల్ల తీసేస్తాననుకుంటున్నారా? అది తీసే అధికారం నాకు కూడా లేదు. వారానికి నలభై పోయేదాన్ని ఎవరూ తీయరు. తెల్ల డబ్బా ఈ నెలాఖరుతో ఆగిపోతోంది, అదీ నా చేతిలో లేదు. కంపెనీకి మాత్రం ఈ తొంభై సెకన్ల గురించి రాస్తాను. ఎప్పుడు మారుస్తారో చెప్పలేను." ఆవిడ రిజిస్టర్ తీసుకుని పేజీలు తిప్పింది. "కౌంటరు సంగతి వచ్చేనెల చూద్దాం. అప్పటిదాకా ఏం చేస్తారు?"

"వీళ్లందరికీ ఫోన్ చేస్తాను మేడమ్. నంబర్లున్నాయి."

"చేసి? వాళ్లకి మనం తిరిగిచ్చేది ఏమీ లేదు."

"ఇవ్వడానికి కాదండీ."

పెద్ద మేడమ్ రిజిస్టర్ మూసి ఆమె ముందు పెట్టింది. వద్దనలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వాపసక్క మొదటి పేజీ తెరిచింది. మొట్టమొదటి ముద్ర రెండేళ్ల నాటిది, సిరా వెలిసిపోయింది. ఆ మనిషి మొహం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. నంబరు నొక్కింది. పెద్దావిడ గొంతు పలికింది.

"షోరూం నుంచి మాట్లాడుతున్నానండీ. రెండేళ్ల కిందట మీరు టీవీకి పెట్టే పుల్ల ఒకటి తిరిగిచ్చారు."

"మాకింకేం వద్దమ్మా," అని ఆవిడ పెట్టేయబోయింది.

"అమ్మడానికి కాదండీ, ఒక్క మాట. అప్పుడు మీకు వాడకం తెలియలేదని రాశాను. నేనే రాశాను. అది తప్పు. మీకు తెలియకపోవడం కాదు, మిషన్‌లోనే లోపముంది. నేను సరిగా చూడలేదు."

ఫోన్ కట్ అయిందేమోనని ఆమె చెవికి గట్టిగా ఆనించింది.

"ఆ కాగితం మావాడు ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు," అంది ఆవిడ. "ఆ రోజు నుంచి మా ఇంట్లో రిమోట్ నా చేతికివ్వరు. మిక్సీ ముట్టుకోనివ్వరు. ఈ ఫోనూ ఇవాళ ఎవరూ లేరని నేనెత్తాను గానీ..."

"క్షమించండి," అంది వాపసక్క.

"అదంతా వద్దులే. వాడిప్పుడే వచ్చినట్టున్నాడు, గేటు చప్పుడైంది. ఆ మాటే ఒక్కసారి వాడికి చెప్తావా? నేను చెప్తే నమ్మడు."

చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. "నీకే, షోరూం నుంచి," అని ఆవిడ అనడం వినిపించింది. ఫోన్ చేయి మారింది.

"హలో, ఎవరు?" అంది మగగొంతు, కాస్త విసుగ్గా.

వాపసక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.